ఉడత కన్నా ఒక గీత తక్కువ

మా అన్న సైన్యంలో పదిహేడేళ్లు పనిచేసి నాయక్‌గా దిగిపోయాడు. నాయక్ అంటే చేతి మీద రెండు పట్టీలు. లాన్స్ నాయక్‌కు ఒకటి, హవల్దారుకు మూడు. అధికారులకు గుర్తులు భుజం మీద ఉంటాయి. రెండు నక్షత్రాలైతే లెఫ్టినెంట్, మూడైతే కెప్టెన్, నక్షత్రాలు పోయి సింహాలు వస్తే మేజర్. సెలవులకు వచ్చినప్పుడల్లా పుంగనూరు బస్టాండు పక్కన టీ అంగట్లో అన్న ఇదంతా ఓపికగా చెప్పేవాడు. ఎవరికీ ఎక్కేది కాదు.

"ఉడతకే మూడు గీతలుండాయి గదప్పా. ఇన్నేండ్లు చేసినా నీకు రెండేనా?" అన్నాడొకసారి అంగడాయన.

"ఉడత హవల్దారు. నేనింకా ఆడిదాకా పోలేదు" అన్నాడు అన్న, నవ్వకుండా.

తొంభైల చివర్లో ఇంటికి వచ్చేశాక, పిల్లల చదువులకు పింఛను చాలక, కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. మొదటిరోజే కాంట్రాక్టరు యూనిఫాం ఇచ్చాడు. భుజాల మీద మూడేసి నక్షత్రాలు, మెరిసే తాడు, దాని చివర ఈల.

"నేను సెల్యూట్ కొట్టినోళ్ల గుర్తులప్పా ఇవి. నేనెట్లా ఏసుకునేది?" అని అడిగాడట అన్న.

"అంగట్లో ఇట్లే వస్తాయప్పా. వద్దంటే సెప్పు, ఇంకో మనిషిని సూసుకుంటా."

ఆ లెక్కన అప్పట్లో కాలేజీల గేట్ల దగ్గర, కల్యాణ మండపాల దగ్గర ఉన్నంతమంది కెప్టెన్లు సరిహద్దులో ఉండి ఉండరు. ఆ రోజే గుర్తింపు కార్డుకని అన్నను ఆ నక్షత్రాలతో ఫోటో తీశారు. అదే బట్టల్లో బస్సెక్కితే కండక్టరు ఒకర్ని లేపి సీటిచ్చాడు. సైనికుడిగా రెండు పట్టీలతో వచ్చినప్పుడు అదే దారిలో అన్న ఎన్నోసార్లు నిలబడి ప్రయాణం చేశాడు.

మర్నాటి నుంచి అన్న రెండు భుజాలూ కప్పేలా ఒక తువ్వాలు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కాంట్రాక్టరు వచ్చి, "కళ్లంలో రైతు మాదిరి ఇదేందప్పా?" అన్నాడు.

"చెమట పడతా ఉండాదప్పా."

జనవరిలో కూడా పట్టింది. చలికి వణుకుతూ నేనూ ఒకసారి అక్కడే అడిగాను. "ఎవరు చూస్తారన్నా? ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు గదరా. రేపు నేను పోయినా నాయక్‌నే. నువ్వే సూసుకోవల్ల."

ఏడెనిమిదేళ్లకు, ఆ ఉద్యోగంలో ఉండగానే పోయాడు. పెద్దకర్మకు ఫ్లెక్సు ఉండాలన్నారు బంధువులు. సైన్యం నాటి ఫోటోల్లో ముఖం చెరిగిపోయింది. మిగిలింది ఆ గుర్తింపు కార్డు ఒక్కటే. అది పట్టుకుని మదనపల్లెకు వెళ్లాను. నక్షత్రాలు తీసేసి, పేరు కింద నాయక్ అని మాత్రం వేయమని ఫ్లెక్సు అంగడాయనకు రెండుసార్లు చెప్పాను. కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.

పెద్దకర్మ రోజు పొద్దున టమోటా లారీలో వేసి పంపాడు. విప్పి చూస్తే పేరు కింద నాయక్ అనే ఉంది, నక్షత్రాలు నిజంగానే లేవు. వాటి స్థానంలో మేజరు సింహాలున్నాయి. గుండె మీద నాలుగు పతకాలు. వెనక మంచు కొండలు, ఒక యుద్ధ ట్యాంకు. ఫోను చేశాను.

"నక్షత్రాలు తీసినాంక భుజాలు బోసిగా ఉండాయప్పా. సావు ఫ్లెక్సు గదా, గ్రాండుగా ఉండల్ల. మెడల్స్‌కు డబ్బులు తీసుకోలేదులే."

మా అన్న పదిహేడేళ్లలో ఎక్కలేనంత ఎత్తుకు, పోయిన పది రోజుల్లో ఎక్కాడు. బంధువులకు చాలా నచ్చింది. "ఇంత పెద్ద ఆఫీసరని మాకు సెప్పనే లేదే, ఎంత అణకువ!" అని ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నేను ఆమెకు పట్టీల గురించి చెప్పబోయి ఊరుకున్నాను. అన్నకే సాధ్యం కాలేదు.

లోపలికి వెళ్లాను. తలుపు వెనక మేకుకు తువ్వాలు ఇంకా వేలాడుతోంది. వదినను అడిగి రెండు పిన్నీసులు తీసుకుని, దాన్ని ఫ్లెక్సు మీద రెండు భుజాలూ, పతకాలూ కప్పేలా గుచ్చాను. పూలదండ పట్టుకుని వచ్చిన మామ ఆగిపోయాడు.

"చెమట గుడ్డ వేస్తారా యాడన్నా? ఏందప్పా ఇది?"

"చెమట పడతా ఉండాది మామా" అన్నాను.