టేపుకు అవ్వ చెప్పిన జవాబు

పాత రేడియో వేడెక్కితే వచ్చే దుమ్ము వాసన తగిలినప్పుడల్లా నాకు ఆలేరులోని మా ఇల్లు గుర్తొస్తుంది. బాపుకు బియ్యం మిల్లు ఉండేది కాబట్టి అప్పటికే మా ఇంట్లో టెలిఫోను ఉంది. మిలిటరీలో చేరిన అన్న అప్పుడప్పుడు ట్రంకాల్ చేసేవాడు. అవ్వకు చెవులు మందగించి, రిసీవరులో ఒక్క మాటా అందేది కాదు. అన్న గొంతు విని ఆమెకు ఏడాది దాటింది.

అందుకని, సికింద్రాబాదులో రేడియోలు బాగుచేసే మా మామ ఒక టేపు రికార్డరు తెచ్చాడు. ఫోన్లో మాటలు టేపుకెక్కడానికి, దాని వైరు చివరనున్న రబ్బరు గిన్నెను ఉమ్మితో తడిపి రిసీవరు వెనక అంటించాడు. పరీక్షకని రైల్వే స్టేషనుకు ఫోన్ చేసి చూస్తే, టేపులో మాటలకు బదులు గుయ్‌మనే మోత వచ్చింది. లోపల తుమ్మెద దూరిందనుకున్నాను, ఏడేళ్లదాన్ని. మామ వైర్లన్నీ వెతికి, చివరికి "జర గా ఫ్యాను బందు చెయ్ బావా" అన్నాడు. ఆ తర్వాత పట్టిన టేపులో మోత లేదు.

మరునాడు అన్న ఫోన్ చేశాడు. మాటలయ్యాక మామ టేపును వెనక్కి తిప్పి, సౌండు పెంచి, అవ్వ ముందు పెట్టాడు.

"అవ్వ ఎట్లున్నది?" అని అడిగింది అన్న గొంతు.

"మంచిగనే ఉన్నది," అన్నాడు టేపులో బాపు.

అవ్వ రికార్డరు మీదికి వంగింది. "మీ బాపు అబద్ధమాడుతుండు బిడ్డా. మోకాళ్లు గుంజుతున్నయి."

పాపం, ఆమెకు తెలియదనుకుని చెవిలో గట్టిగా చెప్పాను. "అవ్వా, అన్నకు వినపడదు."

"నాకెరుకే," అంది అవ్వ. "ఇంకొకసారి పెట్టుమను. ఈసారి మోకాళ్ల ముచ్చట చెప్పను. వాడు ఫికర్ చేస్తడు."

మామ మళ్లీ పెట్టాడు. అన్న మళ్లీ అడిగాడు.

"మంచిగున్న బిడ్డా," అంది అవ్వ.

నేను పడీ పడీ నవ్వాను. బాపు ఎందుకు నవ్వలేదో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.