రెండూ ఎడమ చేతులే

కత్తెరక్కకు ఆ ఉదయం కాలు ఒకచోట నిలవలేదు. సుద్ద తీసింది, పెట్టింది. టేపు మెడలోనే ఉన్నా దానికోసం బల్లకింద వెతికింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే," అంది వదిన. కుట్టుకొట్టు వదినది, గుడ్డ కోసే పని మాత్రం కత్తెరక్కది. "నెలసరి దగ్గరపడింది కదూ? ఈ పూట కత్తెర ముట్టకు తల్లీ. ఆ బ్లేజరు సంగతి మరిచిపోయావా?"

మరిచిపోవడం ఎలా? కిందటి నెల ఒక బడిపిల్ల బ్లేజరుకు రెండూ ఎడమ చేతులే కోసింది. రెండు చేతులకూ కొలతకు కోసిపెట్టిన అట్ట ఒకటే. ఒకదాన్ని గీసి, అట్ట తిరగేసి రెండోది గీయాలి. తిరగేయడం మరిచింది. అప్పుడంటే వేరే గుడ్డ దొరికింది కాబట్టి గండం గడిచింది.

ఇవాళ బల్లమీద ఉన్నది అలాంటి గుడ్డ కాదు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ తండ్రి తొడుక్కున్న పొడవాటి ఉన్ని కోటు. ఆయన పోయాక, తనకు సరిపడేలా చిన్నది చేయమని ఆవిడ తెచ్చింది. కుట్లు విప్పేశారు. పాత చేతులు మోచేతుల దగ్గర అరిగిపోయాయి, కొత్తవి కోటు కింది భాగంలోంచే తీయాలి. తప్పు కోస్తే మళ్ళీ తీయడానికి జానెడు కూడా మిగలదు.

కొలతలు సరిచూసుకోవడానికి నర్సమ్మ వచ్చింది. మూలనున్న ఇస్త్రీ బాబాయి తన స్టూలు ఆవిడ ముందుకు జరిపి, తాను గోడకు ఆనుకున్నాడు.

"ఒకటి అడుగుతాను, నవ్వకండి," అంది కత్తెరక్క ఆవిడతో. "నెలసరి దగ్గరపడితే బుర్రా చెయ్యీ మొద్దుబారతాయా?"

"నవ్వడం ఎందుకు? నెల నెలా ఎక్కి దిగే హార్మోన్లు మెదడు మీదా పనిచేస్తాయి. చెయ్యి ఆడించేది మెదడే కదా. కొందరికి కొన్ని రోజులు చెయ్యి చురుగ్గా నడుస్తుంది, కొన్ని రోజులు తడబడుతుంది. చాలామందికి ఆ తేడా పట్టుకోలేనంత చిన్నది. పరిశోధన చేసేవాళ్ళలోనే ఇంకా ఒక మాట లేదు. తెలివి తగ్గిపోవడం మాత్రం లేదు. నిద్ర లేకపోయినా, నొప్పి ఉన్నా ఎవరి చెయ్యైనా తడబడుతుంది. ఇంతకీ ఆ బ్లేజరు ఎప్పుడు కోశావు?"

కత్తెరక్క ఆలోచించింది. "నెలసరి అయిపోయి చాలా రోజులైంది. ఆ పూట ఒళ్ళు దూదిపింజలా ఉంది. కత్తెర దానంతటదే పరుగెత్తింది."

"పాట కూడా పాడావమ్మా," అన్నాడు బాబాయి. "నా చెవులకు బాగా గుర్తు."

వదిన కూడా నవ్వేసింది.

"నీ ఇష్టం," అంది నర్సమ్మ, కోటు మెడపట్టీ నిమురుతూ. "వచ్చేవారం కోసినా నాకు తొందర లేదు."

వచ్చేవారానికి ఒళ్ళు తేలికవుతుంది. అయితే ఆ బ్లేజరు మీద పరుగెత్తింది కూడా అలాంటి తేలికైన చెయ్యే. కత్తెరక్క సుద్ద అందుకుంది. ఒక చెయ్యి గీసింది. పక్కనే రెండోది గీసింది. కత్తెర తీసింది. ఎందుకో మనసొప్పలేదు. దేవుణ్ణి తలుచుకుని కత్తెర కింద పెట్టింది.

"లేచి ఒక్కసారి చెయ్యి చాపండి నర్సమ్మా."

రెండో చేతికి గీసిన గుడ్డను ఆవిడ కుడిచేతికి చుట్టింది. వంపు ముందుకు రావాల్సింది వెనక్కి పోయింది. అది కూడా ఎడమ చెయ్యే. అట్ట మళ్ళీ తిరగేయలేదు.

కత్తెరక్క ముఖం పాలిపోయింది. వదిన అంతా చూసింది, ఒక్క మాటా అనలేదు. ఆ పూట ఆవిడ చేసిన పెద్ద ఉపకారం అదే.

"సుద్దగీతే కదా," అంది నర్సమ్మ, చాపిన చెయ్యి దించకుండా. "దులిపితే పోతుంది."

దులిపి, అట్ట తిరగేసి, మళ్ళీ గీసి, మళ్ళీ ఆవిడ చేతికి చుట్టి చూసింది. అప్పుడు కోసింది. కత్తెర నెమ్మదిగా, నిండు బిందె మోసే మనిషిలా నడిచింది.

కోత పూర్తయ్యేసరికి పొత్తికడుపులో నొప్పి మొదలైంది. ఆమె కూర్చోబోయే కుర్చీలో అప్పుడే వెచ్చచేసిన గుడ్డ ఒకటి మడతపెట్టి ఉంది. బాబాయి అటువైపు చూడకుండా ఎవరిదో చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు.

కూర్చున్న కాసేపటికే లేచి, ఆ రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూసింది.

"చూసింది చాలమ్మా, వదినను కుట్టనివ్వు."

"ఇంకొక్కసారి బాబాయ్," అని వాటిని మళ్ళీ వెలుగులోకి జరిపింది.