పిల్లబండిలో గుమ్మడికాయ

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు యుద్ధం జరుగుతోంది. మా అమ్మ అప్పటికే లేదు కనుక, రాజపాళయంలో అత్తగారింట్లోనే నాకు పురుడు పోశారు. నెల దాటినా అత్తగారు నన్ను వీధి గడప తొక్కనివ్వలేదు. నెత్తికి గుడ్డ, చెవుల్లో దూది, రెండు పూటలా పత్యం. దూదికైతే మా ఊళ్ళో కరువు లేదు.

అట్లాంటప్పుడు ఒక సాయంత్రం మా ఆయన తాను పనిచేసే నూలు మిల్లు నుంచి ఒక బండి తోసుకుంటూ వచ్చారు. అక్కడ ఇంజనీరుగా ఉన్న దొర కుటుంబం ఊరు వదిలి పోతూ ఇచ్చేసిన పిల్లబండి. నాలుగు పెద్ద చక్రాలు, లోపల మెత్తటి పరుపు, పైన మడతపడే నల్ల గూడు. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

అత్తగారు కూర్చున్నచోటి నుంచి లేవకుండానే అడిగింది. “ఏమిరా ఇది?”

“తళ్ళుబండి అమ్మా. పాపను పండబెట్టి వీధిలో తిప్పుకొని రావచ్చును. పొద్దుటి గాలి మంచిదని డాక్టరమ్మ చెప్పినాది.”

“బోల్తా పడితే?”

“పడదమ్మా.”

“నువ్వు చెప్తే సరా? చూపించు.”

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఒక గుమ్మడికాయ తెచ్చింది. మనవరాలిని ఒకసారి, కాయను ఒకసారి ఒడిలో పెట్టుకుని బరువు సరిచూసుకుంది. కాయకు పాతచీర చుట్టి బండిలో పడుకోబెట్టింది. “ఇప్పుడు తిప్పుకొని రా, చూస్తాను.”

మా ఆయన గుమ్మడికాయను షికారు తీసుకెళ్ళారు. నేను పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. పక్కింటావిడ గబగబా బయటికి వచ్చి, చీర మడతలు మాత్రమే చూసి, “అంతా నాయన పోలికే ఉండాది!” అంది. నాకు నవ్వు ఆగలేదు.

వీధి చివర చిన్న పల్లం. అక్కడ మిల్లు స్నేహితుడొకరు ఎదురైతే, మా ఆయన రెండు చేతులూ వదిలి నమస్కారం పెట్టారు. బండి కదిలింది. ఆయన అరుస్తూ పరుగెత్తారు. రాయి తగిలి బండి పక్కకు ఒరిగింది, కాయ ఎగిరి నడిరోడ్డున పడి పగిలింది. పక్కింటావిడ గుండెలు బాదుకుంటూ వెళ్ళి, పచ్చటి ముక్కలు చూసి అక్కడే కూలబడింది.

నా నవ్వు ఎటు పోయిందో. ఆ గుడ్డలో ఉన్నది నా బిడ్డే అయితే! పాపను గట్టిగా హత్తుకున్నాను. ఇక బండికి నూకలు చెల్లాయనుకున్నాను. అత్తగారు మాత్రం తాపీగా వెళ్ళి ముక్కల్ని చూసింది.

“దిష్టి పోయినాది. ఇంక బండిని బాగుచేయి.”

మా ఆయన చక్రాల కింద పెట్టడానికి కొయ్య ముక్కలు చెక్కారు. పిడికి ఒక తాడు కట్టి, రెండో కొస తోసేవాళ్ళ మణికట్టుకు తగిలించుకునేలా ముడి వేశారు.

పాపతో బయలుదేరిన మొదటి పొద్దున తాడు అత్తగారి చేతికే ఉంది. దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాం. ఈగలు వాలతాయని నేను గూటి మీంచి గుడ్డ కప్పాను. నాలుగిళ్ళు దాటామో లేదో, ఆమె చెయ్యి లోపలికి పెట్టి పాప మెడ తడిమింది.

“తీయమ్మా తీయి. లోపల ఉక్కపోస్తా ఉండాది. గాలి ఆడవద్దా?”

గుడ్డ తీస్తే పాప నుదుటి మీద సన్నటి చెమట. అప్పటి నుంచి గూడు నీడ ఒక్కటే.

ఎదురుగా పత్తి బండ్లు వరసగా వస్తున్నాయి, నుసి ఎగురుతోంది. మరో సందులోకి మళ్ళాం. అక్కడొక తెల్ల వేటకుక్క బండిని వాసన చూడబోతే, అత్తగారు పేరంటానికి వచ్చినావిడను పంపినంత మర్యాదగా దాన్ని పంపేసింది. పాప బుగ్గ తాకబోయిన ఆడవాళ్ళకు ఆ మర్యాద కూడా దక్కలేదు. “చేతులు కడుక్కొని ఇంటికి వచ్చి ఎత్తుకోండి.”

కొండల వైపు నుంచి సన్నటి చినుకులు మొదలయ్యాయి. “సారల్ వస్తా ఉండాది, తిరుగు,” అని ఆమె బండిని గిర్రున మళ్ళించింది. నేను చాలారోజులకు ఆకాశం కింద నడుస్తున్నాను. ఇంకొంచెం తడవాలనిపించింది కానీ ఆమె వెనకే నడిచాను. ఇల్లు చేరేదాకా పాప కన్ను తెరవలేదు.

“రేపు ఇంకొంచం ముందే పోదాము,” అంది అత్తగారు, తాడు విప్పుకుంటూ.