కీబోర్డు మీద కుంకుమ

దెయ్యాల కథలంటే నాకు భయం వెయ్యదు, చిరాకేస్తుంది. అనకాపల్లిలో ఇరవై ఏళ్ళకు పైగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. దానంతటదే ఆన్ అయిపోతోందంటూ తెచ్చిన ప్రతి మెషీన్‌లోనూ చివరికి నాకు దొరికింది బొద్దింకో, వదులైన వైరో. ఇది రాయడం కూడా నాకు ఇష్టం లేదు. అక్క ఊరుకోవడం లేదు కాబట్టి రాస్తున్నాను.

మా బావకి, అంటే అక్క భర్తకి, ఏటికొప్పాకలో లక్కబొమ్మల పని. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ రాని రోజుల్లో, బయటూళ్ళ ఆర్డర్ల కోసం ఆయనకి ఒక పెట్టె కొనిపెట్టాను. చిన్న తెర, కీబోర్డు, పైన మూత. ఫోన్ లైన్‌కి తగిలిస్తే ఇంటర్నెట్, ఈమెయిల్ వచ్చేవి. అంతకు మించి ఏమీ చెయ్యదు. ఒక్క ఉత్తరం కూడా దాచుకోదు, కరెంటు తీస్తే తెర మీద ఉన్నది పోయినట్టే.

కొన్నేళ్ళకి దాన్ని తయారుచేసే కంపెనీయే మూతపడింది. దాన్ని ఫోన్ లైన్‌కి కలిపే మోడెమ్ పీకి నేనే ఇంకో రిపేరుకి వాడేశాను. పారెయ్యమంటే బావ వినలేదు. "అన్నం పెట్టిన మిసను బావా, ఎలా పారేత్తాం?" అనేవాడు. నన్నూ బావా అనే పిలిచేవాడు.

ఏటా దసరాకి ఆయుధ పూజలో, కర్ర తిప్పి బొమ్మలు చెక్కే మరతో పాటు దీనికీ బొట్టు. పూజయ్యాక ప్రతి మెషీన్నీ ఒక్కసారి నడపాలని వాళ్ళ ఆనవాయితీ. అందుకని దీని స్విచ్ కూడా వేసేవారు. పచ్చ లైటు వెలిగేది, తెర ఖాళీగా ఉండేది. బావ దానికే తృప్తిపడేవాడు.

బావ పోయి ఏడాది దాటింది. ఆకుపచ్చ రంగు ఎలా కలుపుతాడో ఎవరికీ చెప్పకుండానే పోయాడు, మహానుభావుడు. పాత ఆర్డరాయన అదే ఆకుపచ్చ కావాలన్నాడు. లక్కలో పసుపూ నీలిమందూ కలపాలని అక్కకి తెలుసు. మూడుసార్లు కలిపితే మూడుసార్లూ బురద రంగే వచ్చింది. దసరా వెళ్ళిన వారంలోగా శాంపిల్ పంపకపోతే ఆర్డరు పోతుంది. ఉన్న ఇద్దరు పనివాళ్ళనీ పంపేసి మర ఆపెయ్యాలి.

కిందటి దసరాకి ఏటిసూతకమని పూజ చెయ్యలేదు. ఈ దసరాకి అక్క ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని బస్సులో నా షాపుకి వచ్చింది. నా మెషీన్లతో పాటు దీనికీ పూజ చెయ్యాలట. నాకు ఒళ్ళు మండిపోయింది. రంగు సంగతి చూసుకోకుండా ఈ డబ్బా మొయ్యడం ఏమిటి?

"బొట్టు నువ్వెట్రా, నాకు సెయ్యి రావట్లేదు" అంది. విసుగ్గా మూత తెరిచి, కుంకుమ బటన్ల మీదే అద్దేసి, స్విచ్ వేశాను.

ఉదయం పది దాటింది. షాపులో ఫోన్ లైనే లేదు. పచ్చ లైటు వెలిగింది, ఆ వెంటనే తెర మీద అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అచ్చం బావ కొట్టినట్టే.

"బావా, బటన్ల మీద ఎట్టీసేవేటి కుంకం. మీ యక్కయితే మూత మీదే ఎట్టేది. నీలిమందు ముందు కలపమను. పసుపు తరవాత."

అక్కకి ఇంగ్లీషు అక్షరాలు రావు. రెండుసార్లు నాచేత చదివించుకుంది. జేబులో ఫోను ఉండి కూడా ఫోటో తియ్యలేదు నేను, తిట్టండి. వెనక వైరు చూద్దామని వంగి లేచేసరికి తెర నల్లగా ఉంది.

ఆ మధ్యాహ్నమే పెట్టె విప్పాను. మోడెమ్ ఉండాల్సిన చోటు ఖాళీ. బావ ఎప్పుడో కొట్టి ఉంచాడనుకుందామంటే, దానికి దాచుకునే గుణమే లేదు. పైగా దానికి బొట్టు పెట్టడం నా జన్మలో అదే మొదటిసారి.

ఆకుపచ్చ కుదిరింది. ఆర్డరు నిలబడింది, మర తిరుగుతోంది. అక్క సంతోషపడాలి కదా. లేదు.

"రంగు సంగతి సరే. ఇన్నాళ్ళకి రాసేడు, అదీ నీకే రాసేడు. నాకో ముక్క రాయడానికి ఏటొచ్చిందిరా ఆయనకి?" అంది. కళ్ళు తుడుచుకోలేదు కూడా.

ఆ తెర మీదికి అక్షరాలు ఎలా వచ్చాయో నాకు తెలీదు. పెట్టెని అక్క నా షాపులోనే ఉంచేసింది. ఆమె షాపుకి వచ్చినప్పుడల్లా మూత మీద కుంకుమ పెట్టి స్విచ్ వేస్తున్నాను. పచ్చ లైటు కూడా వెలగడం లేదు. ఇంకొక్కసారి వెయ్యరా, అంటుంది. వేస్తాను.