ఏ బూడిద రంగు, అమ్మడూ?

మా అమ్మాయి హాల్లో కూర్చుని కాలిగోళ్లకు రంగు వేసుకుంటోంది. మెల్‌బోర్న్ జూలై చలికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. సీసా మూత తీయగానే ఘాటైన వాసన ఇల్లంతా నిండింది. వంటింట్లో చింతపండు పిసుకుతున్న నా చేతులు ఆగిపోయాయి. ఆ వాసనకు ఎవరికైనా గోళ్లే గుర్తొస్తాయి. నాకు మాత్రం సన్నటి గాలాలు, వాటి మెడకు పోసిన సీసపు గుండ్లు, వాటిని పట్టుకున్న ఒక పెద్దాయన మోటు వేళ్లు గుర్తొస్తాయి. మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండే అప్పన్న అంకుల్, తాను తయారుచేసే జిగ్‌లకు, అంటే ఆ గుండు గాలాలకు, గోళ్లరంగే వేసేవారు. మందుల షాపులో ఆడపిల్లల మధ్య నిలబడి, సీసాలను ఒక్కొక్కటిగా తడిమి చూసి నాలుగైదు తెచ్చుకునేవారు. కౌంటరు దగ్గర పిల్ల నవ్వితే, "ఫర్ మై ఫిష్, డార్లింగ్. షీ ఈజ్ వెరీ ఫస్సీ" అనేవారు.

ఆయన ఫిజీలో పుట్టారు. చెరుకు తోటల పనికని ఆయన తాతను విశాఖ వైపు నుంచి ఓడలో తీసుకెళ్లారట. అప్పన్న అంకుల్ అక్కడి చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసి, ఎనభై ఏడులో సైన్యం అక్కడి ప్రభుత్వాన్ని కూల్చిన గొడవల తర్వాత భార్యాపిల్లలతో మెల్‌బోర్న్ వచ్చేశారు. భార్య సావిత్రి ఆంటీకి తెలుగు రాదు, పిల్లలకూ రాదు. ఆయన తెలుగు మొత్తం వాళ్లమ్మ నోటి నుంచి వచ్చిందే. అందుకని తిను, పడుకో, పడతావు, ఊరుకో లాంటి మాటలన్నీ అందులో ఉండేవి. ఆఫీసు, బ్యాంకు, డాక్టరు సంగతులకు తెలుగు మాటలుండేవి కావు. అక్కడికి రాగానే ఇంగ్లీషులోకో, ఫిజీ హిందీలోకో దాటిపోయేవారు. అమ్మ పోయాక ముప్పై ఏళ్లపాటు ఆ భాష ఆయన నోట్లో ఒంటరిగా ఉండిపోయింది.

మా పరిచయం ఫుట్‌పాత్ మీద జరిగింది. నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసేదాన్ని. మధ్యాహ్నం నడకకు వెళ్తూ మా అమ్మతో ఫోన్లో మాట్లాడటం అలవాటు. మాది భీమవరం. ఇక్కడి సముద్రపు చేపతో ఎంత పులుసు పెట్టినా చెరువు చేప రుచి రావడం లేదని ఆ రోజు గోల పెడుతున్నాను. ఒక గరాజు లోపలి నుంచి గొంతు వినిపించింది.

"మంచినీల్ల సేప కావాలా, అమ్మడూ?"

ఉలిక్కిపడి చూశాను. మోకాళ్ల దాకా నిక్కరు వేసుకుని, ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన బల్ల ముందు కూర్చుని ఉన్నారు. నా మొహం వైపు కాకుండా నా భుజం పక్కకు చూస్తూ మాట్లాడుతున్నారు. కాస్త పొగరేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే కాగితంలో చుట్టిన రెండు రెడ్‌ఫిన్ చేపలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. ఒంటి మీద నల్ల చారలు, కింద ఎర్రటి రెక్కలు, వీపున ముళ్లు. ఆ రాత్రి నేను పెట్టిన పులుసు ఒక గిన్నె తీసుకెళ్లి ఇస్తే, ఒక ముద్ద తిని, గిన్నెను రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నారు. "ఇది మాయమ్మ సేసేది" అన్నారు.

అలా మొదలై, ఆ చలికాలమే నేను ఆయన శిష్యురాలినయ్యాను. చేపల ఊరి నుంచి వచ్చినదాన్నని గొప్పగా చెప్పుకున్నాను గానీ, మా ఊళ్లో చేపలంటే మేత వేసి పెంచి, వల లాగి, ఐసులో పెట్టి లారీ ఎక్కించేవే. ఒక్క చేపకు ఏం కావాలో అక్కడ ఎవరూ అడగరు. అప్పన్న అంకుల్‌కి ఆ ఒక్క ప్రశ్నే ముఖ్యం. కెనడాలో ఉన్న ఆయన మేనకోడలు ఒకసారి జిగ్‌ల పాకెట్ పంపింది. గడ్డకట్టిన సరస్సుకు రంధ్రం చేసి, దాని పక్కనే కుర్చీ వేసుకున్న మనిషి బొమ్మ ఉంది దాని మీద. క్రాపీ అనే చేప కోసం చేసినవట.

"మంచు మీద కూకుని పడతారంట! క్రేజీ పీపుల్" అని పకపకా నవ్వి, వెంటనే సీరియస్ అయిపోయారు. "ఐనా ఆ సేపకీ మన రెడ్‌ఫిన్‌కీ ఒకటే జబ్బు. సలికి లోతుకెల్లి బద్దకంగా పడుంటాయి. పరిగెత్తి తినవు. నోటికాడికి తీసుకెల్లాల."

ఆ పాకెట్లోని చిన్న జిగ్‌లను చూసే ఆయన సీసం కరిగించి తన జిగ్‌లు పోసేవారు. బియ్యపు గింజకన్నా కాస్త పెద్ద గుండు, దానికి తోకగా రెండు మూడు ఈకలు. నేను మెరిసేది, పెద్దది ఎంచుకోబోతే నా చేతి మీద చిన్నగా కొట్టేవారు. "జొరమొచ్చిన పిల్లకి బిరేనీ పెడతావా? చిన్న ముద్ద పెట్టాల." గాలి ఉంటే, లోతు ఎక్కువైతే బరువైన గుండు. నీళ్లు కదలకుండా ఉంటే తేలికది, మెల్లగా జారుతూ దిగేది. కొనకు ఎర ఎంత గుచ్చాలన్నది ఇంకో చదువు. వానపామును మొత్తం గుచ్చితే చేప తోక కొరుక్కుని పోతుంది, గోరంత ముక్క చాలు. మొదటి చేప పడగానే పొట్ట కోసి చూడాలి. లోపల చిన్న రొయ్యలుంటే వానపాము డబ్బా మూసేసి, ఒడ్డున రెల్లులో వల తిప్పి రొయ్యలు పట్టాలి. "దాన్నే అడుగు, అదే సెప్తాది" అనేవారు.

ఊరికి గంటన్నర దూరంలో ఒక రిజర్వాయరు ఉంది. నీళ్లలో మునిగి చచ్చిపోయిన చెట్లు మోడులై నిలబడి ఉంటాయి. వాటి మొదళ్ల దగ్గర రెడ్‌ఫిన్ గుంపులు కడుతుంది. అంకుల్ తన చిన్న అల్యూమినియం పడవను బండి వెనక తగిలించుకుని తీసుకెళ్లేవారు. పడవ ఆగగానే మొదటి ప్రశ్న, "నీల్లు ఎలాగున్నాయి?"

"బూడిద రంగులో ఉన్నాయి అంకుల్."

"ఏ బూడిద రంగు, అమ్మడూ? పిడక బూడిదా? ఇనప పెనమా?"

నేను మళ్లీ చూసేదాన్ని. చూస్తే నిజంగానే అది ఒక రంగు కాదు. చెట్ల నీడలో పెనం, వెలుగు పడిన చోట కడిగిన పలక. అలా చెబితే, "ఐతే నల్లది కట్టు. మబ్బులో సేపకి రంగు కనపడదు, నీడ కనపడతాది" అనేవారు. నీళ్లు పచ్చగా మురికిగా ఉంటే చిలకపచ్చది, ఎండ పడి తేటగా ఉంటే వెండి రంగుది. నాకు చూడటం నేర్పుతున్నారని మురిసిపోయాను. చూడటం నేర్పారన్నది నిజమే. కానీ ఆయన అడగడానికి ఇంకో కారణం ఉందని తెలుసుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

ఒకరోజు ఆయన లేనప్పుడు, మంచి చేస్తున్నాననుకుని గరాజులో అలమర సర్దాను. గోళ్లరంగు సీసాలను కూడా దుమ్ము తుడిచి, వేరే వరుసలో పెట్టాను. తర్వాతి వారం ఆయన నా అరచేతిలో ఆరు జిగ్‌లు పోసి, "సూడు, చిలకపచ్చ. నీకోసం" అన్నారు. అవి ఆరూ గులాబీ రంగువి. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన మళ్లీ నా భుజం పక్కకే చూస్తున్నారు. ఎదురుగా ఉన్నది ఆయనకు కనిపించదనీ, పక్కచూపే మిగిలిందనీ, సీసాలను వరుసను బట్టే గుర్తుపడతారనీ నాకు అప్పుడు అర్థమైంది. గాలం తలలోని రంధ్రంలోకి దారం ఎక్కించేటప్పుడు పెదవులతో ఎందుకు తడుముకుంటారో, మందుల షాపులో సీసాలెందుకు పట్టి పట్టి చూస్తారో కూడా.

"బాగున్నాయి అంకుల్" అన్నాను.

ఆ మాటకు నేనిప్పటికీ సిగ్గుపడతాను. జాలిపడ్డాను, ఆ జాలిని మర్యాద అనుకున్నాను. ఆ మనిషి పక్కన కూర్చుని గంటన్నర హైవే మీద వెళ్లొస్తున్నానని, మా అమ్మాయిని కూడా ఒకసారి ఆ బండి ఎక్కించానని తెలిసి కూడా ఇంకో రెండు వారాలు నోరు విప్పలేదు.

మూడో వారం పడవలో తిరిగి వస్తున్నాం. ఆయన వెనక కూర్చుని మోటారు నడుపుతున్నారు. ఎదురుగా కయాక్ అనే సన్నటి పసుపుపచ్చ తెడ్డు పడవలో ఒకావిడ వస్తోంది. ఆయన దిశ మారుస్తారని చూశాను. మార్చలేదు. ఆవిడ తెడ్డు పైకెత్తి అరిచింది. నేను "లెఫ్ట్! అంకుల్, లెఫ్ట్!" అని కేక పెట్టి, మోటారు పిడి మీద పడి నెట్టాను. మా పడవ ఆవిడ తెడ్డును రాసుకుంటూ పోయింది. మేం లేపిన అలకు కయాక్ ఒక పక్కకు ఒరిగి, మళ్లీ నిలబడింది. ఆవిడ తిట్టిన తిట్లు నీళ్ల మీద చాలాసేపు వినిపించాయి.

ఒడ్డుకు చేరాక పడవను బండికి తగిలించాం. ఆయన డ్రైవరు వైపు తలుపు తీశారు.

"తాళాలు ఇలా ఇవ్వండి అంకుల్."

"ఎందుకు?"

"ఆవిడ మీకు కనిపించలేదు. మొన్న మీరిచ్చినవి చిలకపచ్చ కాదు, గులాబీ. మీకు ఎదురుగా ఉన్నది కనిపించడం లేదు."

తీసిన తలుపు మళ్లీ మూశారు. అప్పుడు ఆయన అన్న మాట ఇది. "కనపడదని నాకు తెల్సు. నువ్వు బాగున్నాయన్నావు గదా. యూ టోల్డ్ మీ దే ఆర్ గుడ్."

తాళాలు బానెట్ మీద పెట్టి, అటు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నారు. అంతకుముందు నేనెప్పుడూ వెనక పడవ తగిలించి బండి నడపలేదు. వెనక లారీలు హారన్ కొడుతుంటే ఏడుపు ఆపుకుంటూ డెబ్భై దాటకుండా ఇంటికి తెచ్చాను.

మూడు వారాలు ఆ గరాజు తలుపు తెరుచుకోలేదు. సావిత్రి ఆంటీ ఎదురుపడి, "వాట్ హ్యాపెన్డ్, బేటీ? హీ ఈజ్ జస్ట్ సిట్టింగ్" అని అడిగింది. అంకులే చెబుతారని తప్పించుకున్నాను. మళ్లీ కారు తీస్తారేమోనని రోజూ కిటికీలోంచి చూసేదాన్ని. తీస్తే ఆంటీకి చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. కారు కదల్లేదు. ఒక శనివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"డాక్టరుకాడికి తీసుకెల్తావా?"

"పిల్లలకు చెప్పారా?"

"ఇంకా లేదు. వాల్లు ఏం కాదు డాడ్, ఏం కాదు డాడ్ అంటారు." చొక్కా కాలరు సర్దుకుని అన్నారు. "నువ్వు సూసింది సెప్పావు. కొంచెం లేటుగా. ఇంక ఏం సెయ్యాలో నేను సెప్పాల."

డాక్టరు గదిలో నన్ను కూడా ఉండమన్నారు. ఆవిడ ఏమిటి ఇబ్బంది అని అడగగానే, నా సాయం లేకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పారు. "ఐ కాంట్ సీ ఇన్ ద మిడిల్. ఐ ఆల్మోస్ట్ కిల్డ్ ఎ లేడీ. ప్లీజ్ టేక్ మై లైసెన్స్." డాక్టరు కలం కింద పెట్టేసి ఆయన వైపు చూసింది. పరీక్షలు, కంటి ఆసుపత్రి తర్వాతి సంగతి. మధ్య చూపు తిరిగి రాదన్నారు. యాభై ఏళ్లు యంత్రాలు నడిపిన మనిషి తన నోటితో తానే బండి ఆపేసుకోవడం నేను ఆ రోజు చూశాను. అంతకన్నా పెద్ద ధైర్యం దగ్గర నుంచి చూసిన గుర్తు నాకు లేదు. బయటికొచ్చాక పార్కింగ్‌లో నా చెయ్యి పట్టుకుని, "ఆకలేస్తంది, ఏటైనా తిందాం పద" అన్నారు. ఏడుస్తారేమో అనుకున్నాను. బేకరీలో కూర్చుని, మాంసం కూరిన పైలు రెండు తిన్నారు.

నేను పడవ నడిపే లైసెన్సు తీసుకున్నాను. తర్వాత నాలుగు చలికాలాలు నేను మోటారు దగ్గర, ఆయన ముందు. చెయ్యి నీళ్లలో పెట్టి చల్లదనం చూసేవారు. దారం వేలి మీద ఆనించుకుని, నాకు తెలియని కొరుకులు పసిగట్టేవారు. నేను నీళ్ల రంగు చెబితే ఆయన జిగ్ చెప్పేవారు. ఆయన కోసం నేను వెతికి తెచ్చిన మాటలకు లెక్కలేదు. కుడితి, తాటిముంజె, పాత గాజు సీసా, పొయ్యి కింద మసి. కొన్ని ఆయనకూ తెలిసేవి కావు. అప్పుడు రెండుసార్లు చెప్పించుకుని, నోట్లో తిప్పుకునేవారు. ఒకసారి మంచు కమ్మి ఏమీ కనపడక, "అంకుల్, ఈ రోజు నేను కూడా మీలాగే ఉన్నాను" అన్నాను. "ఐతే ఊరికే కూకో. అన్నిసార్లూ సెప్పక్కర్లేదు" అన్నారు. ఆ రోజు మాకు ఒక్క చేప కూడా పడలేదు. ఎందుకో అన్నిటికన్నా అదే మంచి రోజుగా గుర్తుంది.

కిందటేడాది చలికాలం ఇంకా మొదలవకముందే ఆయన పక్షవాతంతో ఆసుపత్రిలో చేరి పదకొండో రోజున పోయారు. చివరి రోజుల్లో ఇంగ్లీషు, హిందీ రెండూ పోయి, వాళ్లమ్మ తెలుగు ఒక్కటే మిగిలింది. నర్సులకు అర్థం కాక నన్ను పిలిచేవారు. ఆయన అడిగినవి చిన్నవే. నీళ్లు, దుప్పటి, కిటికీ. ఆయన కూతురు నన్ను పక్కకు పిలిచి, "ఈజ్ హీ స్కేర్డ్?" అని అడిగింది. లేదు అనడం ఎంత తేలిక! "పొద్దున భయపడ్డారు. వాళ్లమ్మను పిలిచారు. నేను చెయ్యి పట్టుకున్నాక తగ్గింది" అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. ఏడ్చి, లోపలికెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. పోయేదాకా వదల్లేదు.

ఇప్పుడు ఆఫీసులో పదిమంది పని చూడటం నా బాధ్యత. సంవత్సరం కష్టపడి చేసింది తెచ్చి, ఎలా ఉందని ఆశగా నా మొహంలోకి చూస్తారు. "బాగుంది" అన్న మాట ఇప్పటికీ నా నాలుక చివరకే ముందు వస్తుంది. దాన్ని మింగేసి, ఒక నిమిషం చూసి, కనిపించింది చెబుతాను. చెప్పాక లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లను. వాళ్లు ఏం చేయాలో వాళ్లు తేల్చుకునేదాకా అక్కడే, పక్కనే కూర్చుంటాను.