గుంత మన్ను గుంతలోనే

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను ఒక ఏనుగు తొండం తినేశాను. కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో వెతకాలన్నా కళ్లద్దాలే కావాలి గదా, అవి లేకుండానే హాల్లో నేల మీద పళ్లెంలో నారింజ రంగులో మెరుస్తున్నదాన్ని చూసి, కూతురికి తండ్రి మీద దయ పుట్టి జాంగ్రీ తెప్పించిందనుకుని ఆనందంగా కొరికాను. ఉప్పగా, ఏదో సబ్బు వాసనతో కట్టుడు పళ్లకు అంటుకుపోయింది. తాత నా ఏనుగును తినేసినాడని నాలుగేళ్ల మనవరాలు వీధి చివరిదాకా వినబడేట్టు ఏడుపు అందుకుంది. ఐదో తరగతితో బడి వదిలినవాడిని, జాంగ్రీకీ ఏనుగుకూ తేడా ఆరో తరగతిలో చెబుతారేమో నాకేం తెలుసు?

మన తరంవాళ్లు నమ్మినా నమ్మకపోయినా, ఈ కాలపు పిల్లలు ఆడుకునే మట్టి రంగురంగుల పిండిముద్దలై మూతల డబ్బాల్లో వస్తోంది. హిందూపురంలో మా కూతురి ఇంట్లో ఆ డబ్బా మూత తీయడానికి ముందు జరిగే ఏర్పాట్లు చూస్తే, పెళ్లివారు కూడా ఇంత హడావిడి చేయరనిపిస్తుంది. ముందు నేల మీద ఎన్నికల నాటి పాత ఫ్లెక్సీ ఒకటి పరుస్తారు. నవ్వుతూ చేతులు జోడించిన ఆ పెద్దమనిషి బుగ్గ మీద కూర్చుని మా పిల్ల పాములు చుడుతుంది. చొక్కా చేతులు మోచేతులపైకి మడవాలి, జుట్టు గట్టిగా కట్టాలి, ఒక డబ్బా మూసిన తరువాతే ఇంకొకటి తెరవాలి, ఫ్లెక్సీ దాటి కాలు బయట పెట్టకూడదు. ఇన్ని కట్టుబాట్లూ పిల్లకే గాని తాతకు కాదు గనుక, నేను నోరు కడుక్కునే తొందరలో ఊదారంగు ముద్దను తొక్కి, బెంగళూరు నుంచి కొత్తగా తెచ్చిన తివాచీ మీద వాష్‌బేసిన్ దాకా అడుగులు వేసుకుంటూ పోయాను.

మా కూతురు తివాచీని చూసింది, నన్ను చూసింది, డబ్బాలన్నీ ఒక సంచిలో వేసింది.

“ఇంక చాలు. పొద్దున చెత్తబండి వస్తానే ఇచ్చేస్తా. నాకు ఈ పిండి గీక్కుంటా కూచునే ఓపిక లేదు.”

పిల్ల ఏడవలేదు. సంచి పక్కన కూర్చుని దాని పిడిని గట్టిగా పట్టుకుంది, అంతే. ఆ పిడికిలిని చూడగానే నాకు ధర్మవరంలో మా ఇల్లు గుర్తొచ్చింది.

మాది నేత ఇల్లు. పొడుగ్గా ఒకటే గది, అందులో రెండు గుంత మగ్గాలు. గుంత మగ్గమంటే తెలుసు గదా, నేసేవాడు నేల మీద కూర్చుని, ముందున్న గుంతలోకి కాళ్లు దించి, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతూ నేస్తాడు. ఒక మగ్గం మా నాయనది. రెండోది మా చిన్నాయనది, ఆయన మిల్లు పనికని బెంగళూరు పోయాక దాన్ని విప్పి మూల పెట్టారు, గుంత మాత్రం అట్లాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. పైన పెంకుల సందులోంచి దిగే ఎండ పట్టీ ఉదయం నాయన మగ్గం మీద ఉండి, మధ్యాహ్నానికి నెమ్మదిగా జరిగి ఆ ఖాళీ గుంతలోకి దిగేది. ఆ వెలుగులో పట్టు నూగు బంగారు దుమ్ములా తేలుతుండగా, మగ్గం చప్పుడు వింటూ నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో నేను పెరిగాను.

మా అవ్వ పుట్టిల్లు పెనుకొండ. అక్కడ కుమ్మరివాళ్లు పిసికి సిద్ధం చేసిన ఎర్రమట్టిని తడి గోనెలో చుట్టి, పాసింజరు బండిలో ఒడిలో పెట్టుకుని తెచ్చేది. పక్కన కూర్చున్నవాళ్లు చంటిబిడ్డ అనుకుని జరిగి చోటిచ్చేవారట. పట్టు నేసే ఇంట్లోకి ఎర్రమట్టి తేవడమంటే పాల అంగట్లోకి నిమ్మకాయల బుట్ట తేవడమే. మగ్గం మీది చీరకు మరక పడిందంటే, పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు వెనక్కి కొడతాడు, తరువాతి పడుగు ఇయ్యడు, పడుగు లేని మగ్గం ఊరికే కట్టెల మోపు. అందుకే మట్టి ఇంట్లోకి రాకూడదని అమ్మ, పిల్లలన్నాక మన్ను ముట్టాల్సిందేనని అవ్వ. చివరికి అవ్వే దారి కనిపెట్టింది. నన్నూ మా చెల్లెలినీ చిన్నాయన గుంతలోకి దించి, అడుగున గోనెపట్టా పరిచి, మట్టిముద్ద చేతికిచ్చి, గుంత మన్ను గుంతలోనే ఉండాలని చట్టం చేసింది. పైకి రావాలంటే ముంతలో చేతులు కడిగి, అరచేతులు, వాటి వెనకవైపు, గోళ్లు, అన్నీ అవ్వకు చూపాలి. ఆ మాట మా ఇంట్లో ఎంత స్థిరపడిందంటే, తరువాతి కాలంలో అత్తాకోడళ్లు పోట్లాడుకుంటుండగా ఎవరైనా గడపలోకి వస్తే, గుంత మన్ను గుంతలోనే అని అవ్వ గొంతు తగ్గించేది.

ఒక పెళ్లి చీర మగ్గం మీద ఉండగా వచ్చింది ఆపద. చందనం రంగు పట్టు, ఎర్రటి అంచు, ఇంకో రెండు మూరలు నేస్తే కోసేయడమే. సాయంత్రం అమ్మ దీపం పెట్టడానికి వచ్చి చూస్తే, అంచుకు జానెడు ఇవతల ఎర్రమట్టి వేలిముద్ర ఇంకా తడిగానే ఉంది.

మా ఇద్దరి వీపులూ అప్పుడే వెచ్చబడ్డాయి. చెల్లెలు ముందుజాగ్రత్తగా ఏడ్చేసింది. అమ్మ తడిగుడ్డ తీసుకుని ముందుకు పోతే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

“తడి మింద తుడిస్తే పట్టు తాగేస్తాది. ఎండనీమ్మా. ఎండినాక అదే రాలుతాది.”

“ఎండితే ఎండనీ అత్తా, రేపు ఈ గుంత పూడ్చాల్సిందే. ఈడ గుంతన్నా ఉండాల, మగ్గమన్నా ఉండాల.”

అవ్వ చెల్లెలి బొటనవేలు తెచ్చి ఆ ముద్ర పక్కన పెట్టింది. చిక్కుడుగింజంత. నాది పెట్టింది. దానికంటే కొంచెం నయం. ముద్ర మాత్రం చింతగింజలు రెండు కలిపినంత ఉంది. సరిగ్గా అప్పుడే మా నాయనకు మగ్గం అవతలి కొసన ఏదో పోగు తెగినట్టు అనిపించి అటు తిరిగి కూర్చున్నాడు.

“ఏమప్పా,” అంది అవ్వ, “నీ చెయ్యి ఒకసారి ఇట్లా తే.”

సంగతేమంటే, పొద్దు వాలేదాకా మేం నిద్రపోతుంటే నాయన గుంత దగ్గర కూర్చుని ఎద్దు బొమ్మ చేశాడు. దాన్ని గోనె కింద దాచి, చేతులు పంచెకు తుడుచుకుని వచ్చి నేతకు కూర్చున్నాడు. ముంత చట్టం ఆయనకు ఎవరూ చెప్పలేదు మరి. ఆ ఎద్దును పైకి తీస్తే, గంగడోలు మొదలు తోకదాకా గోటితో చీర అంచులోని మామిడి పిందెలు నొక్కి ఉన్నాయి. బొమ్మలాడే వయసుకే మా తాత ఆయన్ను మగ్గంలో కూర్చోబెట్టాడని అవ్వ అమ్మతో మెల్లగా చెప్పడం నేను విన్నాను. అమ్మ చాలాసేపు ఆ ఎద్దును పట్టుకునే ఉంది. గుంత పూడ్చే మాట మళ్లీ ఎత్తలేదు.

మరునాడు మట్టి ఎండింది, అవ్వ మెత్తటి నూలుగుడ్డతో విదిలిస్తే రాలిపోయింది. షావుకారు చీరను వెలుతురులో అటూ ఇటూ తిప్పి మడతపెట్టి, కొత్త పడుగు ఇచ్చి పంపాడు. అప్పటి నుంచి అన్నాలయ్యాక నాయన కొంతసేపు మా గుంత ఒడ్డున కాళ్లు దించి కూర్చునేవాడు, చేతులు మట్టి పిసుకుతుంటే కింద కాళ్లు అక్కడ లేని చెక్కలను వెతుకుతూ తమ పాటికి తాము తొక్కుతుండేవి. మేము ఆ పాదాలకు చక్కిలిగిలి పెట్టేవాళ్లం.

ఇదంతా ఆ ఆదివారం సాయంత్రం మా కూతురికి చెప్పాను, పిల్ల సంచి పక్కనే నిద్రపోయింది. ఇప్పుడు ధర్మవరంలో ఆ గదికి నున్నటి బండలు పరిచారు, మరమగ్గం తనంతట తాను నేసుకుంటోంది, కాళ్లు దించడానికి గుంత లేదు. ఒక్కోసారి కునుకులో ఆ ఎండ పట్టీ నా మీదికి దిగుతుంది, మట్టి చల్లగా వేళ్ల మధ్య జారుతుంది, పైనుంచి రెండు పాదాలు ఊగుతుంటాయి. లేచి చూస్తే అన్నీ శుభ్రంగా ఉంటాయి. శుభ్రమైన ఇండ్లు కట్టుకున్నాం గాని, మురికికంటూ ఇంట్లో ఒక చోటు వదలడం మరిచిపోయామేమో అని, గొంతు కూడా కాస్త వణికించి, ముగించాను.

మా కూతురు అంతా విని, చెంగుతో కళ్లు ఒత్తుకుంటుందేమోనని నేను చూస్తుంటే, సంచి విప్పి డబ్బాలు ఒక్కొక్కటే మళ్లీ అలమరలో సర్దింది.

“ఆ గుంతలో మన్ను పొద్దుగూకేసరికి రోజూ ఎత్తిపోసిందెవరు నాయనా? మీ అమ్మే గదా? పూడ్చమని ఆయమ్మ ఎందుకనిందో ఇన్నేండ్లలో ఒక్కసారన్నా అనుకున్నావా? పోనీలే, తివాచీ మింద పిండి ఎండింది. చీపురు తలుపు ఎనకాల ఉండాది, లెయ్.”