నాలుగో బొమ్మ

ఆ సినిమా మొదటి భాగం వచ్చినప్పుడు మా ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. అందులో హీరో గూఢచారి. ఏ పనీ చేతకాదు గానీ నల్లకోటు, నల్లకళ్ళద్దాలు, పెద్ద బిల్డప్పు. శత్రువులకి దొరికిపోయే సమయానికి తనలాంటి బొమ్మనొకదాన్ని వాళ్ళ ముందుకు తోసి, అది చచ్చాక తాను తాపీగా జారుకుంటాడు. మావాళ్ళు పెళ్ళిళ్ళలో కూడా వాడి నడక నడిచి చూపించేవాళ్ళు. అందుకే రెండో భాగం షూటింగు మా రేవులో అనగానే ఊరు ఊరంతా ఏటిగట్టు ఎక్కింది. నేనూ ఎక్కాను. ఇప్పుడు ఎవరైనా ఆ సినిమా పేరెత్తితే చాలు, నేను అక్కణ్ణించి లేచి వచ్చేస్తాను.

నేను బట్టలు కుడతాను. కడియం దాటి ఏటివైపు వస్తుంటే నర్సరీల మధ్య చిన్న షాపు నాది. సినిమావాళ్ళు ముందు ఆ నర్సరీల్లోనే తీశారు, గూఢచారి గులాబీ మొక్కల మధ్య దాక్కుని తుమ్మే సీను. అప్పుడే వాళ్ళ మేనేజరు నా షాపు చూశాడు. మర్నాడు ఆటోలో మూడు బొమ్మలు వేసుకొచ్చాడు.

"వీటికి కోట్లు కుట్టాలండి. నీళ్ళలో తడిసినా చిరగకూడదు."

"మూడెందుకండి?" అన్నాను.

"మొదటి భాగంలో ఒకటే చచ్చింది కదండి. ఇది రెండో భాగం. మూడు చావాలి. లేకపోతే జనం ఊరుకోరు."

నాకూ నవ్వొచ్చింది. కానీ ఆయన వెళ్ళాక ఒక బొమ్మని బల్లమీద పడుకోబెట్టి టేపు వేయబోయి ఆగిపోయాను. మనిషంత ఎత్తు, మనిషంత బరువు. హీరో మొహమే, కళ్ళు తెరిచి ఉన్నాయి. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. జాకెట్టు గుడ్డ ఒకటి తీసి ఆ మొహం మీద కప్పి, అప్పుడు కొలతలు తీసుకున్నాను. కుట్టినన్నాళ్ళూ అలా కప్పే ఉంచాను.

అప్పటికి ఆషాఢం వచ్చేసింది, గోదావరికి ఎర్రనీరు దిగింది. పైనుంచి చెట్లు, తడికలు, గడ్డిమోపులు, ఒక్కోసారి కళేబరాలు కూడా కొట్టుకొస్తున్నాయి. అలాంటి నీళ్ళలో బొమ్మల్ని వదిలితే కింద పట్టుకునేవాడు కావాలి. మేనేజరు అడిగితే నేనే మా బాబాయి దగ్గరికి తీసుకెళ్ళాను. మా నాన్న తమ్ముడు. పుట్టినప్పటి నుంచి ఏటిమీదే బతికిన మనిషి. ఆయన బొమ్మలన్నిటినీ ఒకసారి చూసి, "వీటికి మొహాలెందుకండి? ఎలాగూ దూరంనుంచే కదా తీసేది?" అన్నాడు. మేనేజరు పగలబడి నవ్వాడు.

బాబాయి అలా అడగడానికి కారణం ఉంది. మా చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. ఏట్లో శవం కంటపడితే, చూసినవాడు దాన్ని వదిలి రాకూడదు. వల్లో ఎంత చేప ఉన్నా సరే, పక్కనపెట్టి, శవాన్ని ఒడ్డుకు చేర్చాలి. గుడ్డ కప్పాలి. పోలీసులో, సొంతవాళ్ళో వచ్చేదాకా పక్కనే కూర్చోవాలి. ఆ తర్వాత తలస్నానం చేసి, గంగమ్మకి పసుపునీళ్ళు వదిలి, అప్పుడు మళ్ళీ వల ముట్టుకోవాలి. చూసి కూడా వదిలేసినవాడికి ఇక వల వేసే హక్కు లేదు. బాబాయి అలా చాలామందిని ఒడ్డుకు చేర్చాడు. పేరూ ఊరూ తెలియనివాళ్ళ పక్కన కూడా ఎండలో గంటలతరబడి కూర్చున్నాడు. ఇదంతా చెబితే మేనేజరు, "అయితే మాకు కరెక్ట్ మనిషి దొరికాడన్నమాట" అన్నాడు.

షూటింగు రోజు పొద్దుటి నుంచీ మబ్బు. గాలి లేదు. నీళ్ళు మాత్రం గట్టుని ఒరుసుకుంటూ పోతున్నాయి. కెమెరా గట్టుమీద పెట్టారు. బాబాయి పడవని కిందుగా, లంక మలుపులో రెల్లు చాటున ఆపారు. కెమెరాకి కనపడకూడదు, విజిల్ వేసేదాకా కదలకూడదు. వాకీటాకీతో ఒక అసిస్టెంటుని ఆయన పక్కనే కూర్చోబెట్టారు. నేను కెమెరా వెనక, సూదీ దారం పట్టుకుని నిలబడ్డాను. కోటు ఎక్కడైనా విడిపోతే రెండో టేకుకి కుట్టాలి కదా.

పైనుంచి లాంచీలో బొమ్మల్ని తెచ్చి ఒక్కొక్కటే వదిలారు. గట్టుమీద జనం ఒకటే నవ్వు. ఒక బొమ్మ కళ్ళద్దాలతోనే వెల్లకిలా తేలుతూ వచ్చింది. ఇంకోటి సుడిలో పడి గిరగిరా తిరిగింది. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి, "ఆపొద్దు, రోల్ చెయ్యండి, బ్రహ్మాండంగా వస్తోంది" అని అరుస్తున్నారు. నేను నా కోట్లనే చూస్తున్నాను. కుట్లు ఊడలేదు. అవి మలుపు తిరిగి పోయాక కూడా ఆయన చాలాసేపు కెమెరా ఆపనివ్వలేదు.

విజిల్ వేశాక కాసేపటికి పడవ వచ్చింది. బొమ్మల్ని ఒడ్డుమీద వరసగా పడుకోబెట్టి బాబాయి సరాసరి నా దగ్గరికి వచ్చాడు. మొహం బూడిద రంగులో ఉంది.

"కోట్లు ఎన్ని కుట్టావమ్మా?"

"మూడు బాబాయి."

"మరి నాలుగోది?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. మూడు బొమ్మల వెనక, దూరంగా, నడిమి పాయలో ఇంకోటి వచ్చిందట. మనిషి ఆకారమే. బాబాయి తెడ్డు వేయబోతే పక్కనున్న అసిస్టెంటు చెయ్యి పట్టుకుని ఆపాడట. "ఫ్రేములోకి వెళ్ళకండి బాబాయ్ గారూ, డైరెక్టరు గారు నన్ను చంపేస్తారు. అది కూడా బొమ్మేనండి. రెండో భాగం కదా, ఇంకోటి కలిపుంటారు." సరే కాబోలు అనుకున్నాడు బాబాయి. విజిల్ వినపడేసరికి అది దాటిపోయింది. రెల్లుకి తట్టుకుని ఆగిన ఈ మూడింటినీ ముందు పట్టుకుని, ఆ వెనక దానికోసం చాలాదూరం వెళ్ళాడు. ఎర్రనీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు.

ఇద్దరం మేనేజరు దగ్గరికి వెళ్ళాం. నాలుగో బొమ్మ లేదని ఆయనే చెప్పాడు. "అరటిబోదె అయ్యుంటుందండి. వరదలో నరికేసిన అరటిచెట్లు ఎన్ని రావు?"

"ఓసారి ఆ టీవీలో వేసి చూపించండి బాబూ" అని బాబాయి బతిమాలాడు.

"సామానంతా సర్దేశాం. రాత్రికి హైదరాబాద్ వెళ్ళిపోతుంది. రిలీజయ్యాక థియేటర్లో చూసుకోండి" అన్నాడు మేనేజరు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది నాకు.

పోలీసులకి చెప్పాం. వాళ్ళు మర్యాదగానే విన్నారు. ఎవరూ తప్పిపోయినట్టు తమకి కబురు లేదన్నారు. బాబాయి మాత్రం లంకలన్నీ గాలించాడు. నీళ్ళు తగ్గాక ఇసకమేటల్లో, రెల్లు దుబ్బుల్లో, తుమ్మకంపల్లో వెతికాడు. రేవు రేవుకీ వెళ్ళి అడిగాడు. ఏమీ దొరకలేదు. దొరకని కొద్దీ ఆయన మాట తగ్గిపోయింది.

వల ముట్టుకోలేదు. పులస చేప ఏటికి ఎదురెక్కే రోజులవి, ఏడాదంతా ఎదురుచూసే రోజులు. మిగతా పడవలన్నీ ఏట్లో ఉంటే ఆయన పడవ రేవులో బోర్లించి ఉండేది. పిన్ని ఏడ్చింది, అరిచింది, నన్ను కూడా తిట్టింది, ఆ సినిమావాళ్ళని తెచ్చింది నువ్వేనని. తిట్టనిచ్చాను. నర్సరీలో లారీలకి మొక్కలెక్కించే పనికి కుదిరాడు బాబాయి. పొద్దున్నే మా షాపు ముందునుంచే వెళ్ళేవాడు, ఏటివైపు చూడకుండా.

ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను. "అరటిబోదె అని నలుగురూ అంటున్నారు కదా. నువ్వొక్కడివీ ఎందుకిలా మొండికేస్తావు?"

"అరటిబోదైతే ఆ రోజే వల తీస్తానమ్మా. మనిషైతే ఇక ఈ జన్మకి తియ్యను. ఏదో ఒకటి తేలాలి. ఆ సినిమా ఎప్పుడొస్తుందో కనుక్కో."

ఊళ్ళో వెటకారాలు కూడా మొదలయ్యాయి. నాలుగో బొమ్మ దొరికిందా అని టీ కొట్టు దగ్గర ఒకడు అడిగితే, వాడి చొక్కా పట్టుకుని నిలదీశాను. ఆడదాన్ని, నడివీధిలో అంత గొడవ చేశానని తర్వాత ఇంట్లో నాకే చీవాట్లు. చెయ్యనా మరి? ఆయన ఇరవై కిలోలు తగ్గినట్టున్నాడు, వీళ్ళకి నవ్వులాట.

సినిమా వచ్చింది. మొదటి వారమే రాజమండ్రిలో మ్యాట్నీకి వెళ్ళాం, బాబాయీ నేనూ. హాలు నిండిపోయింది. గూఢచారి గులాబీల మధ్య తుమ్మగానే ఈలలు, కేకలు. ఇంటర్వెల్ అయింది. బాబాయి కుర్చీలోంచి లేవలేదు. రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చున్నాడు. అరటిబోదె కావాలి దేవుడా, అరటిబోదె కావాలి అనుకుంటున్నాను. అంతకన్నా గట్టిగా నేనెప్పుడూ ఏదీ కోరుకోలేదు.

ఏటి సీను వచ్చింది. మా గట్టు, మా రేవు, ఎర్రటి నీళ్ళు. కళ్ళద్దాల బొమ్మ తేలుతూ రాగానే హాలు గొల్లుమంది. రెండోది సుడిలో తిరిగింది. మూడోది బోర్లా వచ్చింది. అవి తెర అంచుకి పోతుంటే వాటి వెనక, దూరంగా, చిన్నగా, ఇంకోటి కనపడింది. కోటు లేదు. తడిసి ఒంటికి అంటుకున్న గళ్ళ చొక్కా. నల్లటి తల.

అది మా వైపు తిరిగింది. చెయ్యి పైకి లేచింది. కెరటం లేపిందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. చెయ్యి పడిపోయి, మళ్ళీ లేచింది, ఐదు వేళ్ళూ విప్పి, ఈసారి అటూ ఇటూ ఊగింది. అంతలో రెల్లు అడ్డం వచ్చింది. మరుక్షణం తెరమీద హీరో డాన్సు చేస్తున్నాడు. హాలంతా చప్పట్లు.

బోదె అని చెబుదామని నోరు తెరిచాను.

"చెయ్యెత్తాడు కదమ్మా" అన్నాడు బాబాయి.

"ఎత్తాడు బాబాయి."

"శవాన్ని వదిలేశానని ఏడ్చాను ఇన్నాళ్ళూ. శవం కాదే తల్లీ."

ఆయన లేచి నిలబడ్డాడు. తెరవైపే చూస్తున్నాడు, ఆ రెల్లు చాటునుంచి వాడు మళ్ళీ వస్తాడన్నట్టు. నేను చెయ్యి పట్టుకుని లాగినా కూర్చోలేదు. వెనక వరసలోంచి ఎవరో ఇంకా నవ్వుతూనే, "కూర్చోండి బాబాయ్ గారూ, అడ్డం వస్తున్నారు" అన్నారు.